రేపు మూడింటికి ఖాళీయేనా, సెన్యోర్?

సెంటినరీ కాలనీలో ఇవాళ రేపు మర్యాద తెలిసిన ప్రాణి ఒక్కటే మిగిలింది. అది గుడ్లగూబ. చెట్టు మీద కూసేది కాదు. అది ఇంటి మీద వాలితే అయ్యగారిని పిలిచి శాంతి చేయించే జాతి మనది. నేను చెప్పేది ఫోన్లో ఉండే పచ్చ గుడ్లగూబ, పరాయి భాషలు నేర్పే యాప్‌ది. మాపటీలి కాగానే ఠంచనుగా వచ్చి, ఇవాళ పాఠానికి ఓ ఐదు నిమిషాలు వీలవుతుందా అన్నట్టు దీనంగా చూస్తుంది. కాలనీలో మన తీరిక గురించి వాకబు చేసే దిక్కు అదొక్కటే. నైట్ షిఫ్టు దిగొచ్చి కిటికీకి దుప్పటి కట్టుకుని పట్టపగలు పడుకున్న మనిషిని ఎవరూ అడగరు. ఆయన కోసం పొద్దున ఒక వంట, రాత్రి ఒక వంట, నడుమ పిల్లల డబ్బాలు చేసే ఆయన ఇల్లాలిని అసలే అడగరు. గుడ్లగూబ అడుగుతుంది. అపశకునమే గాని, సంస్కారం ఉంది.

ఆ గుడ్లగూబ దగ్గర స్పానిష్ మొదలుపెట్టిన వాళ్లకు తొందరలోనే ఒక వాక్యం ఎదురవుతుంది. 'ఎస్తాస్ లిబ్రె మన్యానా అ లాస్ త్రేస్?' రేపు మూడింటికి నువ్వు ఖాళీయేనా అని. చనువున్నచోట ఇలా సరిపోతుంది. పెద్దమనిషైతే 'ఎస్తా ఉస్తెద్ లిబ్రె' అని 'మీరు' తగిలించాలి. ఇంకొంచెం మెత్తగా అడగాలనుకుంటే 'తె బియెనె బియెన్ అ లాస్ త్రేస్?' అంటారు, మూడింటికైతే నీకు అనువుగా ఉంటుందా అని. గంటలు చెప్పడంలో కూడా ఒక పద్ధతుంది. ఒంటిగంటకు 'అ లా ఉనా' అని ఏకవచనం, రెండు మొదలుకుని 'అ లాస్' అని బహువచనం. గడియారం ముల్లుకే బహువచనం వాడే భాష అది. ఇక్కడ యాభై దాటిన జనరల్ మజ్దూర్‌ను నిన్నగాక మొన్న చేరిన ఇంజినీరు ఇప్పటికీ ఏకవచనంలోనే పిలుస్తాడు, ఒంటిగంట కొట్టినట్టు.

కాలనీ పిల్లలు ఈ వాక్యాన్ని గడగడా అప్పజెబుతున్నారు. కాలనీ గడప దాటితే మంథని జేఎన్‌టీయూ కాలేజీ. మంథని పేరు పెట్టుకుని ఉన్నది ఇక్కడే. అందులో మైనింగ్ ఇంజినీరింగ్ చదివేవాళ్లలో సగం మందికి బొగ్గు మీద మోజు లేదు, చూపంతా డాలస్ మీద. డాలస్ పోతే ఇంగ్లీషు ఒక్కటే చాలదని, టెక్సాస్‌లో వంటింట్లో, గోదాములో, దుకాణం వెనకాల మాట్లాడేది స్పానిషేనని ముందు పోయిన అన్నలు చెప్పారు. అక్కడే పుట్టిన మన పిల్లలైతే హైస్కూల్లో రెండో భాషగా స్పానిష్ తీసుకుని, సెలవులకు వచ్చినప్పుడు అమ్మమ్మ ముందు అందులోనే లెక్కలు చదువుతారు. అమ్మమ్మ అదేదో సంస్కృతమనుకుని సంతోషపడుతుంది. హైదరాబాద్‌లో ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం ఎన్నో ఏళ్లుగా పద్ధతిగా స్పానిష్ నేర్పుతోంది. సరే, నేర్చుకోనివ్వండి. భాష మీద నాకు పేచీ లేదు. పేచీ ఆ వాక్యం మీదే. రేపు మూడింటికి ఖాళీయేనా అని ఈ కాలనీలో ఎవరు ఎవరిని అడగాలి?

ఈ కాలనీ సంగతి ముందు చెప్పుకోవాలి. ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వడం మొదలైంది. 1989కి వందేళ్లయ్యాయి, ఆ ముచ్చటకు గుర్తుగా ఈ కాలనీకి ఆ పేరు పెట్టారు. (సింగరేణి కంపెనీకి నూరేళ్లు నిండాయని మాత్రం అనకండి, యాజమాన్యం నొచ్చుకుంటుంది.) రామగుండం మూడో ఏరియా అంటే ఇదే: ఒకటో ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని), రెండో ఓసీపీ, అడ్రియాల లాంగ్‌వాల్, పక్కన రామగిరి ఖిల్లా, నడుమ వరసలు తీరిన క్వార్టర్లు. ఈ క్వార్టర్లలో గడియారం గోడమీద ఉన్నా, టైము మాత్రం గని దగ్గర ఉంటుంది. పొద్దున 7, పగలు 3, రాత్రి 11. గనిని బట్టి గంట అటూ ఇటూ. వారం మారితే షిఫ్టు మారుతుంది. షిఫ్టు మారితే నిద్ర మారుతుంది, ఆకలి మారుతుంది, ఆలుమగలు ఒకరి మొహం ఒకరు చూసుకునే వేళ మారుతుంది.

అందుకని కాలనీలో తీరిక అడిగే పద్ధతి వేరే ఉంది. స్పానిష్‌లో ఆరు మాటలు పట్టేది ఇక్కడ రెండింటితో తేలిపోతుంది.

"ఏ షిఫ్టు బావా?"

"నైట్."

"గట్లయితె పొద్దుగాల రాను తియ్యి. మాపటీలి అస్త."

అయిపోయింది. బావ ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు మనిషిలా మాట్లాడతాడో, మందు సీసా ఏ వేళకు మూత తీస్తాడో, అన్నీ ఆ ఒక్క జవాబులో ఉన్నాయి. పెళ్లిళ్లకు ముహూర్తం పెట్టే అయ్యగారు కూడా తిథీ నక్షత్రం చూసే ముందు పిల్ల తండ్రి షిఫ్టు కనుక్కుంటాడు. చూడ్డానికి ఇది మర్యాద ప్రశ్నలాగే ఉంటుంది. కాని గమనించండి, బావను ఎవరూ అతని టైము అడగలేదు. కంపెనీ అతని టైముని ఎక్కడ పెట్టిందో అడిగారు. తాకట్టు పెట్టిన నగ గురించి, అది ఏ బ్యాంకులో ఉందని అడిగినట్టు.

చట్టం చదివిన వాళ్లు అడ్డు తగులుతారు, అన్నిటికీ రూల్సున్నాయని. ఉన్నాయి, కాదన్నదెవరు? గనుల చట్టం 1952లో వచ్చింది. భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 దాటకూడదంది. వారంలో ఆరు రోజులకు మించి పని చేయించొద్దంది. 36వ సెక్షన్‌లో, ఏ జట్టు పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుందో మేనేజరు గని ఆఫీసు బయట నోటీసు అంటించాలంది. మంచి చట్టమే. మనిషిలోంచి ఎన్ని గంటలు తవ్వాలో కొలతలతో సహా చెప్పింది. ఏ గంటలు ఇస్తావని ఆ మనిషిని అడగమని మాత్రం చెప్పలేదు. బొగ్గును అడిగి తవ్వుతామా?

అన్యాయంగా మాట్లాడకూడదు, ఒక్కచోట అడగమన్నారు. అది 2019లో. అప్పటిదాకా ఆడవాళ్లను రాత్రిపూట గని పనికి రావద్దన్న కేంద్ర ప్రభుత్వం, రాత్రి 7 నుంచి పొద్దున 6 మధ్య ఉపరితల గనుల్లో పని చేయించుకోవచ్చని ఆ ఏడాది సడలింపు ఇచ్చింది. షరతు ఏమిటంటే, ముందుగా ఆ మహిళ రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, ముగ్గురికి తక్కువ కాకుండా జట్టుగా వేయాలి. చూశారా, మన గని చరిత్రలో 'ఈ వేళకు నీకు అనువేనా అమ్మా?' అనే స్పానిష్ వాక్యం రాతమూలకంగా వచ్చిన చోటు ఇదే. ఇది చదివిన మగ కార్మికుడు గడ్డం గీక్కున్నాడు. తన నైట్ షిఫ్టుకు ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద సంతకం తీసుకున్నారో అతనికి గుర్తు రాలేదు. గుర్తుండటానికి అదేమీ జరగలేదు.

రాకపోతే ఏమవుతుందనేది మాత్రం చట్టం వివరంగా చెప్పింది. పాత వేతన చెల్లింపు చట్టంలో ఒక తమాషా ఉండేది: పదిమందో అంతకు మించో కలిసి, నోటీసు లేకుండా పనికి రాకపోతే, ఎనిమిది రోజుల జీతం దాకా కోసేయవచ్చని. అంటే మంగళవారం ఒక్కరోజు లేకుంటే, ఆ మనిషి వచ్చే బుధవారం దాకా లేనట్టే. బొగ్గు పెళ్లగించి టబ్బుకెత్తుతూ కళ్లముందు కనిపిస్తున్నా సరే, లేనట్టే. అద్వైతం ఇంతకన్నా లోతుగా పోదు. ఆ ఎనిమిది రోజుల కోత మీదే 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. వేదాంతం అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే.

ఇక మిగిలింది 'బదిలీ'. ఇదొక హోదా. ఎవరో ఒకరు రానిచోట నిలబడటానికి తయారుగా ఉండటమే మొదట్లో ఈ హోదాకు అర్థం. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకు కారుణ్య నియామకంలో ఈ గుమ్మంలోంచే లోపలికొస్తాడు. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు (హాజరీలు), ఉపరితలంలో 240 నిండితేగాని పర్మినెంటు కాడు. ఆ కుర్రాణ్ని పొరపాటున రేపు మూడింటికి ఖాళీయేనా అని అడగండి. వాడి జన్మే ఖాళీగా ఉండటానికి అంకితం. ఖాళీ లేదంటే ఉద్యోగం లేదు.

తెలుగులో కంపెనీకి ఈ వాక్యం అస్సలు రాదనుకోవడం కూడా తప్పే. వస్తుంది, భూతకాలంలో వస్తుంది. 'మొన్న మూడింటికి ఎక్కడున్నవ్? అవతల వారం ఎక్కడున్నవ్? ఏడాదిల వంద మస్టర్లు కూడ ఎందుకు లెవ్వు?' దీనికోసం ఒక సభ కూడా ఉంది, పేరు కౌన్సెలింగ్. నాగాలు పెట్టిన వాళ్లను, వాళ్ల భార్యల్ని పిలిచి ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఆ భార్యలకు ఆ వేళ వీలవుతుందా అని ఎవరైనా అడుగుతారని ఆశపడ్డారా? నోటీసులో పది గంటలకని ఉంటుంది. పది గంటలకే ఉండాలి. మొగుడు అందుబాటులో లేడన్న నేరానికి పెళ్లాం అందుబాటులో ఉండటం శిక్ష.

ఇంతవరకు కిందివాళ్ల టైము గురించి. పైవాళ్ల టైము గురించి మాట్లాడుకుంటే వేరే వ్యాకరణం కావాలి. అక్కడ అడిగేవాడు మనమే. 'సార్ ఉన్నడా?' అనేది మన బొగ్గు బెల్టులో అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికే వాక్యం. దానికి అటెండరు చెప్పే జవాబుల్ని బట్టి సారు ఎంత పెద్దవాడో కొలవచ్చు. 'చాయ్ తాగ పోయిండు' అంటే చిన్న సారు. 'ఫీల్డుకు పోయిండు' అంటే కొంచెం పెద్ద సారు. 'జీఎం ఆఫీసుల మీటింగున్నది' అంటే ఇంకొంచెం పెద్ద. 'కొత్తగూడెం పోయిండు' అంటే హెడ్డాఫీసుకన్నమాట, నమస్కారం పెట్టి వెనక్కి తిరగాలి. 'హైదరాబాద్ పోయిండు' అంటే ఇక ఆ కాగితం మీద ఆశ వదులుకోవచ్చు. 'ఎప్పుడస్తడు?' అని అడిగామనుకోండి, అటెండరు మనల్ని పైనించి కిందికి చూస్తాడు. తిరుపతిలో మూలవిరాట్టు మధ్యాహ్నం ఏం చేస్తుంటాడని అడిగిన భక్తుణ్ని అర్చకుడు కూడా అలా చూడడు. చివరికి ఒక్కమాట అంటాడు: 'రేపు రాపో.' ఏ రేపు, ఏ గంట అని స్పానిష్ వాడైతే అడిగేవాడేమో.

ఇందులో ఆఫీసర్లకు కూడా సుఖం లేదని న్యాయంగా ఒప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపు పుట్టిన దగ్గరి నుంచి సెక్షన్ ఇంజినీరుకు నిద్ర పట్టింది లేదు. తెల్లారి ఐదింటికి పైనుంచి ఒక ప్రశ్నార్థకం వస్తుంది, ఉత్త ప్రశ్నార్థకం, ముందు మాటే ఉండదు. రాత్రి షిఫ్టులో ఎన్ని టన్నులని దాని అర్థం. ఆయన కంగారుగా లేచి ఓవర్‌మన్‌కు ఫోన్ కొడతాడు, ఓవర్‌మన్ సర్దార్‌కు కొడతాడు, సర్దార్ అప్పుడే నిద్రపోయిన మనిషి గుమ్మం కొడతాడు. ఎవరినీ ఎవరూ అడగరు. ఎవరికి వారు కింద ఒకరున్నారని తృప్తిపడతారు. అట్టడుగున బొగ్గు పైనున్న ఓబీ మట్టి తోలే కాంట్రాక్టు టిప్పర్ డ్రైవరు ఉంటాడు. అతని కింద మట్టి ఉంటుంది.

యూనియన్ నాయకుడు వేరే జాతి. అతను ఎన్నికల ముందు మూడింటికీ ఖాళీయే, పదకొండింటికీ ఖాళీయే. ప్రతి షిఫ్టుకూ గేట్ మీటింగులో ప్రత్యక్షం. గుర్తింపు సంఘం ఎన్నికలు 2017 తర్వాత మళ్లీ 2023 డిసెంబర్ 27న జరిగాయి. నడుమ ఆరేళ్లు. ఆ నెలలో కాలనీలో మన యోగక్షేమాలు అడగని కండువా లేదు: ఎర్రది, మూడు రంగులది, గులాబీది. ఓటు పడ్డ మర్నాటి నుంచి కండువాలు ఉతకడానికి పోయాయి. నాయకుడి ఫోను మీటింగులోకి వెళ్లింది. షిఫ్టు మార్పించుకోవాలన్నా, నడుం పడిపోయిన వాడికి సర్ఫేస్ పని ఇప్పించాలన్నా, ప్లే డేలో పేరు రాయించాలన్నా ఆ మీటింగు అయిపోవాలి. ప్లే డే ఏమిటో తెలియనివాళ్లకు ఒక ముక్క: సెలవు రోజున పనికి పోతే వచ్చే రెండింతల జీతం. దాని పేరులో ఆట ఉంది, ఒంట్లో మాత్రం ఆదివారం ఉండదు. అయినా దానికోసం పోటీ. తన ఆదివారాన్ని తానే అమ్ముకోవడానికి పైరవీ చేయించుకోవలసిన మనిషిని ఖాళీయేనా అని అడగడానికి ఏ భాషలో ధైర్యం చాలుతుంది?

ఊళ్లవాళ్లని వదిలేస్తే పాపం. ఓసీపీ అంచున ఉన్న పల్లెల్లో పగటీలి బాంబులు పేలుస్తారు. ముందు సైరన్, తర్వాత గోడలు, ఆ తర్వాత దుమ్ము. 'ఇవాళ మీ ఇల్లు వణకడానికి ఎన్నింటికి అనువు?' అని ఎవరూ అడగలేదు. అయితే గని పెద్దది చేసేటప్పుడు అడిగే ఏర్పాటు ఉంది. దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. పర్యావరణ అనుమతికి 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో వేయాలి. వేస్తారు. తేదీ, వేళ, స్థలం అన్నీ వాళ్లే రాస్తారు. పొలం పనుల రోజున, పొద్దెక్కాక, పోలీసు బందోబస్తు నడుమ, షామియానా కింద మన అభిప్రాయం అందుబాటులో ఉండాలి. రాలేనివాడి అభిప్రాయం అనుకూలమైన అభిప్రాయమే.

ఇప్పుడు డాలస్‌కి వద్దాం. ఈ కాలనీలోంచి పోయిన కుర్రాళ్లు అక్కడ చేసేది చదువు మాత్రమే అని నమ్మేవాళ్లు ఇంకా ఉంటే చేతులెత్తండి. విద్యార్థి వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. కాలేజీ భోజనశాలలో పళ్లాలు కడగడం, కూరలు వడ్డించడం. తండ్రి ఏ పేరు చెప్పి పారిపొమ్మన్నాడో అదే పేరుతో అక్కడా బోర్డు వేలాడుతోంది: షిఫ్టు. తండ్రీకొడుకుల వీడియో కాల్ వినండి.

"బాపు, ఈ వారం నువ్వు ఏ షిఫ్టు?"

"సెకండ్ బిడ్డా. నువ్వు?"

"నాది గూడ సెకండే."

ఇరవై అయిదు లక్షల అప్పు చేసి సెకండ్ షిఫ్టు నుంచి సెకండ్ షిఫ్టుకు పంపించాడు తండ్రి. అయినా ఒక తేడా ఉంది, కథంతా అక్కడే ఉంది. కొడుక్కి శనివారం పరీక్ష. పక్కన పని చేసే మెక్సికో అమ్మాయిని, గుడ్లగూబ నేర్పిన వాక్యంతో, వచ్చే శనివారం మూడింటికి నీకు వీలవుతుందా, నా బదులు నిలబడతావా అని అడిగాడు. ఆ పిల్ల నవ్వి, 'లో సియెంతో, నో పుయెదో' అంది. క్షమించు, నాకు కుదరదు అని. అంతే. కారణం చెప్పలేదు. డాక్టరు చీటీ చూపించలేదు. వాళ్ల నాయకుడి చేత ఫోన్ చేయించలేదు. చేతులు కట్టుకుని నిలబడలేదు. ఎవరూ ఆమెకు చార్జిషీటు ఇవ్వలేదు. కుర్రాడు ఆ రాత్రి ఈ సంగతి బాపుకు చెబితే, బాపు చాలాసేపు నమ్మలేదు.

"కుదరదన్నదా? మొఖం మీదనే?"

"అవును బాపు."

"మరి నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

గుడ్లగూబ పాఠంలో అడగడం ఒక పేజీ అయితే, కుదరదని చెప్పడం పక్క పేజీలోనే ఉంటుంది. మన పాఠ్యపుస్తకంలో ఆ రెండో పేజీ చింపేశారు. మన బెల్టులో 'కుదరదు' అనే జవాబుకు ఒక ఉర్దూ పేరు ఉంది, ఒక రిజిస్టరు ఉంది, ఎర్రసిరా ఉంది: నాగా. కుదరదనే హక్కు లేనివాణ్ని కుదురుతుందా అని అడగడం ఎగతాళి. ఆ ఎగతాళి కూడా ఎందుకని మనవాళ్లు అడగడమే మానేశారు. ఒకరకంగా నిజాయితీపరులు.

స్పెయిన్‌లోనే అన్నీ బాగున్నాయని ఈ కాలమ్ చెబుతోందనుకోకండి. ఆ దేశం గడియారమే దొంగది. 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గంట ముందుకు తిప్పి జర్మనీ టైములో పెట్టింది, ఇవాళ్టికీ వెనక్కి తిప్పలేదు. అస్తూరియాస్ బొగ్గు కార్మికులు అదే ఫ్రాంకో కింద 1962లో సమ్మెకు దిగి, సమ్మె నేరమైన దేశంలో పని ఆపి చూపించారు. తర్వాత కాలం మారింది. 2018 డిసెంబర్లో స్పెయిన్ ఒక చట్టం చేసింది. పని వేళలు అయిపోయాక ఉద్యోగి ఫోను ఎత్తకుండా, మెసేజ్ చూడకుండా ఉండే హక్కు దాని 88వ అధికరణంలో ఉంది. బ్రహ్మాండం. అదే డిసెంబర్ ముగిసేసరికి ఆ దేశంలో బొగ్గు గనులు ఒకటీ అరా తప్ప మూతబడ్డాయి. గని కార్మికుడికి ఫోన్ చేయకూడదని చట్టం వచ్చింది, ఫోన్ చేయవలసిన పని కూడా తీరిపోయింది. యాదృచ్ఛికంగా ఆ డిసెంబర్లోనే మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి హక్కు కోసమే ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రైవేటు బిల్లులకు ఏ గతి పడుతుందో దానికీ అదే పట్టింది. సారు మీటింగులో ఉన్నాడు.

ఇన్ని చెప్పాక, ఈ నేలమీద ఆ వాక్యాన్ని ఎవరూ ఎప్పుడూ పలకలేదంటే అబద్ధమవుతుంది. ఒక్కసారి పలికారు. 2011 సెప్టెంబర్ 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు నెల దాటినా గని మెట్టు దిగలేదు. తట్టా చెమ్మస్ ఇంట్లో మూలన పడ్డాయి. కరెంటు కోతలు మొదలయ్యాయి. ఆ వారాల్లో చూడాలి మర్యాద! అంతవరకు 'ఎక్కడున్నవ్‌రా' అన్న నోళ్లే 'దయచేసి విధులకు హాజరు కాగలరు' అన్నాయి. విజ్ఞప్తులొచ్చాయి. బహువచనాలొచ్చాయి. మీకు ఏ షిఫ్టు అనువో చెప్పండి, రక్షణ మేమిస్తామనేదాకా వచ్చింది. ఉస్తెద్, ఉస్తెద్ అని హైదరాబాద్ నుంచి కొత్తగూడెం మీదుగా గోదావరిఖని దాకా ఒకటే పిలుపు. నల్లనేల అంతా కలిసి చెప్పిన జవాబు 'నో పుయెదో'. ఎవరూ గుడ్లగూబ దగ్గర నేర్చుకోలేదు. అప్పటికి ఆ యాప్ ఇంకా జనంలోకి రాలేదు.

సమ్మె అయిపోయింది, రాష్ట్రం వచ్చింది, బహువచనం పోయింది.

కాబట్టి నాదొక సూచన. గని కార్మికులకు ట్రైనింగు ఇవ్వడానికి వీటీసీలు ఉన్నాయి కదా, పైకప్పు ఎలా తట్టి చూడాలో, గ్యాస్ ఎలా పసిగట్టాలో నేర్పుతారు. వాటిలో ఆఫీసర్లకు, అటెండర్లకు, సంఘాల నాయకులకు ఓ మూడు రోజుల స్పానిష్ శిక్షణ పెట్టాలి. వ్యాకరణం అక్కర్లేదు. ఒక్క వాక్యం, దానికి రెండు జవాబులు. మొదటి రోజు అడగడం. రెండో రోజు 'సరే, వస్తా' వినడం. మూడో రోజు 'కుదరదు' విని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉండటం. దీనికి అవసరమైతే అంబులెన్సు సిద్ధంగా పెట్టుకోవాలి. ప్రాక్టికల్స్ కోసం నైట్ షిఫ్టు దిగివచ్చిన ఓ బదిలీ కార్మికుణ్ని ఎదురుగా కూర్చోబెట్టాలి, ముందు అతని నిద్ర అయ్యాక.

ఈ సూచన పైదాకా పోయిందని, అక్కడ చాలా మెచ్చుకున్నారని అనుకుందాం. అనుకోవడానికి మస్టరు పోదు కదా. మర్నాడే సర్క్యులర్ తయారవుతుంది, నాకు కళ్లముందు కనబడుతోంది: 'ఎదుటివారి వీలును మర్యాదగా అడుగు విధానంపై శిక్షణ. వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు. అన్ని షిఫ్టుల వారు తప్పక హాజరు కావలెను. ప్లే డే వర్తించదు. రానివారికి నాగా వేయబడును.'